నలభై నిమిషాల దూరంలో చెల్లెలు

కొండ సగం ఎక్కాక బస్సు ఒక్కసారి దగ్గి, ఉస్సురుమని ఆగిపోయింది. ఇంజను వేడెక్కింది, చల్లారేదాకా దిగి కాస్త కాళ్ళు సాగదీసుకోండి అని కండక్టరు పెళ్ళికి పిలిచినంత మర్యాదగా చెప్పాడు. నడవాలో అడ్డంగా పడున్న నా సంచీని పక్కకి జరపబోతుంటే, వెనక సీట్లోంచి ఒకావిడ లేచి, దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, గాల్లోనే ఒక్క క్షణం ఆపి నా మొహంలోకి చూసింది.

"పదకొండు కిలోలు. పుస్తకాలా అన్నయ్యగారూ?"

"పుస్తకాలే. ఎలా కనిపెట్టారు?"

"బట్టలైతే ఇలా మూలలు పొడుచుకురావు. మీరేమో యాభై ఎనిమిది ఉంటారు."

"యాభై ఆరు," అన్నాను కాస్త పౌరుషంగా.

"ఎప్పుడు తూగారు?"

"రెండేళ్ళయింది."

"అయితే యాభై ఎనిమిదే. బరువు అడిగితే మనుషులు ఎప్పుడూ పాతదే చెప్తారు. వయసూ అంతే."

అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, పాతిన గుంజలా నిలబడింది. ఒంటి మీద నీలంరంగు స్వెట్టరు. ఎడమవైపు జేబు మీద ఏదో బ్యాడ్జీ ఊడదీసిన మేర ఊలు వెలిసిపోకుండా ముదురు నీలంగా మిగిలింది. కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. దిగి ఇద్దరం కల్వర్టు గోడ మీద కూర్చున్నాం. అడక్కుండానే నా చేతిలో రెండు బిస్కెట్లు పెట్టింది. లోయలో మబ్బు కింద ఎక్కడో వాగు చప్పుడు. ఆవిడ చూపు మాత్రం లోయ మీద లేదు, పైన ఖాళీ ఆకాశం మీద ఉంది.

"పైనించి అయితే ఈపాటికి అవతల దిగి, ఇంటికెళ్ళి, మొహం కడుక్కుని రెండోసారి టీ తాగేవాళ్ళం."

"విమానంలోనా?"

"ఇంకెందులో, గాలిపటంలోనా?" అంది. అని, నవ్వలేదు. "ముప్ఫై ఏళ్ళు ఆ విమానానికే పనిచేశాను. కాటా దగ్గర. ఊళ్ళో నన్ను కాటా అక్క అనేవాళ్ళు. అసలు పేరు పెట్టి పిలిస్తే నేనే పలికేదాన్ని కాదు."

ఆ కొండకి ఇటొక చిన్న ఊరు, అటొక చిన్న ఊరు. రెండింటికీ చెరో చిన్న విమానాశ్రయం ఉండేది. గాల్లో వాటి మధ్య దూరం నూట అరవై కిలోమీటర్లు, ప్రయాణం నలభై నిమిషాలు. నేల మీదయితే కొండని ప్రదక్షిణం చేసినట్టు మూడువందల నలభై కిలోమీటర్లు, ఇంజను దయతలిస్తే తొమ్మిది గంటలు. దూరం గురించి నేను చాలా పుస్తకాల్లో చదివాను. పాతకాలం వాళ్ళు ఆమడల్లో చెప్పారు, సముద్రం మీద పోయినవాళ్ళు పగళ్ళూ రాత్రుళ్ళూ లెక్కపెట్టారు, కొలబద్దలు పట్టినవాళ్ళు మైళ్ళలోకి దించారు. నాకు వీటన్నిటికంటే నచ్చిన కొలత కూతవేటు. అందులో మాత్రమే అటువైపు ఒక మనిషి ఉంటాడు, పిలిస్తే పలికేవాడు. ఆ రెండూళ్ళవాళ్ళూ ఒక తరం పాటు ఒకరికొకరు నలభై నిమిషాల కూతవేటులో బతికారు. సంబంధాలు కలుపుకున్నారు, పంటి డాక్టరుకి అటు వెళ్ళేవారు, కళ్ళద్దాలకి ఇటు వచ్చేవారు. కొండ ఒకటి మధ్యలో ఉందన్న సంగతే మర్చిపోయారు. తర్వాత విమానం ఆగిపోయింది. కొండ మళ్ళీ గుర్తొచ్చింది.

"మీ విమానాశ్రయం ఎలా ఉండేది?" అన్నాను.

"రేకుల కప్పుతో ఒక పొడుగాటి గది. రెండు బల్లలు. ఒక కాటా. తన్నితే తప్ప నీళ్ళు రాని కుళాయి. బయట గడ్డి మధ్యన తారు చార. అంతే. ఏం, నవ్వుతున్నారు?"

నేను నవ్వింది ఇష్టంతో. పెద్ద విమానాశ్రయాలు చాలా చూశాను. అన్నీ ఒకే ఆసుపత్రిలో వేర్వేరు వార్డుల్లా ఉంటాయి. చిన్నవాటికి మాత్రం మొహాలుంటాయి. ఆ మాటే ఆవిడతో అన్నాను. "మొహం సంగతి తెలీదు గానీ, వర్షమొస్తే ముక్కు కారేది," అంది కాటా అక్క.

పంతొమ్మిది సీట్ల విమానం అది. అంత చిన్నదానికి ఎంత పడితే అంత ఎక్కిస్తే లేవదు. ఎక్కించినదాన్ని ముందూ వెనకా సరిగ్గా సర్దకపోతే, లేచినా తిన్నగా పోదు. అందుకని సామానుతో పాటు మనుషుల్నీ తూచేవారు. కాటా ముల్లు ఈవిడ వైపు మాత్రమే కనిపించేలా తిప్పిపెట్టి, చుట్టూ అట్టముక్క కట్టుకుంది. అంకె ఏనాడూ పైకి చదవలేదు. "చదివితే ఆ ఊళ్ళో నాకు పాలు కూడా పోసేవాళ్ళు కాదు," అంది. కుస్తీ నేర్పే పంతులుగారొకాయన కాటా ఎక్కిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టేవాడట, తేలిగ్గా తూగుతానని. ఊపిరి కూడా బరువేనండీ, వదిలేస్తేనే తగ్గుతారు అని ఈవిడ చెప్తే, ఆయన అంతా వదిలేసి, మళ్ళీ పీల్చుకోవడం మర్చిపోయి అక్కడే చతికిలబడ్డాడట. కొత్తగా పెళ్ళయినవాళ్ళని బరువు సరిపోవడానికి ఒకరిని ముందు వరసలో, ఒకరిని చివరి వరసలో కూర్చోబెడితే, మమ్మల్ని విడదీసిన మహాతల్లి అని ఆ పెళ్ళికొడుకు ఊరంతా చెప్పుకు తిరిగాడట. పదేళ్ళు పోయాక అదే మనిషి కాటా ఎక్కుతూ, "అక్కా, కొంచెం దూరంగా వెయ్యవూ, నీ పుణ్యముంటుంది," అన్నాడట చెవిలో.

కండక్టరు ఈల వేశాడు. ఇంజను కోపం తగ్గింది. ఎక్కేటప్పుడు కాటా అక్క తన సంచీ తెచ్చుకుని నా పక్క సీట్లోనే కూర్చుంది, కిటికీ నాకు వదిలేసి. మలుపుల్లో లోయ చూడలేనంది.

"విమానంలో కిటికీ పక్కన కూర్చునేవారు కాదా?"

"నేనెక్కడ ఎక్కాను? ఒక్కసారి కూడా ఎక్కలేదు. నేను ఎక్కితే కాటా దగ్గర ఎవరుంటారు?"

అటువైపు కాటా దగ్గర ఎవరుండేవారని నేను అడగలేదు. ఆవిడే చెప్పింది. ఈ ప్రయాణమంతా ఆ మనిషి కోసమే.

అటువైపు ఉన్నది చెల్లెలు, చిట్టి. ఇద్దరికీ ఒకే ఏడు ఉద్యోగాలొచ్చాయి, అక్కకి ఇటు, చెల్లెలికి అటు. ఆడపిల్లని కొండ అవతలికి ఎలా పంపడమని బంధువులు గింజుకుంటే, తండ్రి మాత్రం, "పైనించి నలభై నిమిషాలే కదా, నేను స్నానానికి వెళ్ళొచ్చేంతసేపు," అన్నాడట.

విమానం చక్రాలు నేల వదలగానే కాటా అక్క నల్ల ఫోను ఎత్తి "బయల్దేరింది" అనాలి. అటు దిగగానే చెల్లెలు ఫోను చేసి "చేరింది" అనాలి. తిరుగు ప్రయాణంలో అదే మాట అటునించి ఇటు. ఉద్యోగం వరకూ అంతే. కానీ అక్కాచెల్లెళ్ళు ఒక మాటతో ఆగుతారా?

"బయల్దేరిందే. పైలట్ చేతికి గిన్నె ఇచ్చాను, వంకాయ కూర, మూత తియ్యకుండా తెమ్మన్నాను. రెండో వరసలో గళ్ళచొక్కా ఆయన ఉత్త తిక్కమనిషి, నవ్వించకు," అనేది ఈవిడ. నలభై నిమిషాలయ్యాక అటునించి, "చేరింది. కూర ఇంకా వేడిగానే ఉంది. ఉప్పు తక్కువ. తిక్కమనిషి నన్ను చూసి నవ్వాడు, నీ మొహం చూస్తేనే తిక్క వస్తుందేమో ఎవరికైనా," అని వచ్చేది.

"మా ఇద్దరి మధ్యా దూరం ఎంతంటే కూర చల్లారేంత కూడా కాదండీ," అంది కాటా అక్క. ఆ "చేరింది" వినేదాకా కూర్చునేది కాదట. పని లేకపోయినా నిలబడే ఉండేది. గది ఊడ్చేది, బల్లలు జరిపేది, కుళాయిని తన్నేది. ఒకసారి కాలికి కట్టు కట్టించుకుని కూడా నిలబడింది. "నేను కూర్చుంటే అదేదో పడిపోతుందని కాదు. అది గాల్లో ఉన్నంతసేపు నా ఒళ్ళు బల్లకి ఆనేది కాదు, అంతే."

కొండ శిఖరం దగ్గర టీ దుకాణం ముందు బస్సు మళ్ళీ ఆగింది. గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, చాలాసేపు ఊదుతూ కూర్చుంది. ఇక్కడిదాకా గలగలా చెప్పిన మనిషి అక్కడ తడబడింది. తండ్రి సంగతి మొదలుపెట్టి ఆపేసింది, మళ్ళీ మొదలుపెట్టింది.

తండ్రి ఫ్యాక్టరీ పొగగొట్టాలకి మరమ్మతులు చేసేవాడు. గొట్టాల మేస్త్రీ అనేవారు. తాడు కట్టుకోకుండా ఎంతెత్తయినా ఎక్కేవాడు, పైనే కూర్చుని అన్నం తినేవాడు, కింద జనం మెడలు విరుచుకుని చూసేవారు. పెద్దవాడై పని మానేశాక పెద్దకూతురి దగ్గరే ఉన్నాడు. ఈలోగా చిన్నకూతురు అక్కడ చిన్న ఇల్లు కట్టుకుంది. మేడ మీద ఒక గది, నాలుగు వైపులా కిటికీలతో, ఎత్తు అలవాటైన మనిషి కదా అని ఆయన కోసమే వేయించింది. ఇకనుంచి నాన్న నా దగ్గరుంటాడంది. ఎందుకే, ఇక్కడ ఆయనకేం తక్కువైంది అని అక్క గొణిగింది. రెండు వారాలు ఫోన్లో చిన్న చిన్న విసుర్లు నడిచాయి. చివరికి తండ్రే సంచీ సర్దుకున్నాడు.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. అది తెలియకపోతే ఆ తర్వాత జరిగింది అర్థం కాదు. ఎండ మండిపోతున్నప్పుడు గాలి పలచబడుతుంది, పలచటి గాలిలో విమానం మోసే బరువు తగ్గుతుంది. అప్పుడు ఒకరినో ఇద్దరినో దింపక తప్పదు. ఎవరిని? ఆ విమానాశ్రయంలో మొదటినుంచీ ఒకటే మాట: మనవాళ్ళే ముందు దిగాలి. పనిచేసేవాళ్ళ తల్లీ తండ్రీ, అన్నా తమ్ముడూ, వాళ్ళు దిగాకే పైవాళ్ళు. ఎక్కడా రాసిపెట్టి లేదు. మొట్టమొదటి మేనేజరు తన అత్తగారిని దింపి ఈ ఆచారం మొదలుపెట్టాడు. అది త్యాగమా, ముచ్చట తీర్చుకోవడమా అని ఊళ్ళో చాలాకాలం వాదులాడుకున్నారు. ఎండాకాలం వస్తే కాటా అక్కకి చుట్టాలమని ఎవరూ ఒప్పుకునేవారు కాదు. సొంత మేనమామ కాటా ఎక్కుతూ, "నమస్కారమండీ, మీరెవరో నాకు తెలీదు," అనేవాడట.

"ఆ రోజు ఎండ లేదండీ," అంది. "చల్లటి పొద్దు. సన్నగా మబ్బు. నాన్న కొత్త చొక్కా వేసుకున్నాడు. కాటా ఎక్కాడు. తూచాను. దిగమన్నాను. దిగడే! మిగతావాళ్ళంతా నడుచుకుంటూ విమానం దగ్గరికి వెళ్ళిపోయారు. గదిలో మేమిద్దరమే. చూస్తే కాటా కడ్డీ రెండు చేతుల్తో పట్టుకున్నాడు, వేళ్ళు తెల్లబడిపోయాయి. 'అమ్మడూ, నావల్ల కాదు' అన్నాడు."

"భయమా?"

"నేనూ అలాగే అడిగాను. అంతంత గొట్టాలెక్కావు కదా నాన్నా, ఇదెంత అన్నాను. 'వాటిని నేను ఎక్కాను. ఇది నన్ను ఎక్కించుకుంటుంది' అన్నాడు. చిట్టికి చెప్పకు, ఎవరికీ చెప్పకు, గొట్టాల మేస్త్రీ విమానం చూసి వణికాడంటే ఇంక నేను వీధిలోకి రాలేను, ఒట్టెయ్యి అన్నాడు. బయట విమానం పంకాలు తిరగడం మొదలెట్టాయి. ఏం చెయ్యను? ఒట్టేసి, వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, సామాన్ల తలుపులోంచి ఇంటికి పంపేశాను. పైలట్ ఏం అడగలేదు, ఎవరు ఎక్కాలన్నది నా మాటే. ఫోను ఎత్తి చిట్టికి చెప్పాను: బయల్దేరింది, బరువెక్కువైంది, నాన్నని దింపాను."

టీ చల్లారిపోయింది. ఒక్క గుక్కలో తాగేసింది.

"చూడండి నా తెలివి. అబద్ధం ఆడ్డానికి నాకు బరువు తప్ప ఇంకో మాట తోచలేదు. కడుపునొప్పి అనొచ్చు, కళ్ళజోడు మర్చిపోయాడనొచ్చు. పొద్దస్తమానం బరువుతోనే బతికేదానికి వెళ్ళి బరువు గురించే అబద్ధం చెప్పాను. చల్లటి పొద్దున ఆ విమానం నిండుగా ఎక్కించినా లేస్తుందని దానికి తెలీదూ? పైగా విమానం అటు దిగేసరికి అది సామాన్ల చేతిబండి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. తలుపు తీశారు. మూడో వరసలో సీటు ఖాళీ. నేను కావాలనే నాన్నని పంపలేదనుకుంది. అనుకోదా మరి, రెండు వారాలుగా నేను గొణుగుతూనే ఉంటిని కదా!"

తండ్రి ప్రతి వారం రేపు వెళ్తాననేవాడు. ఆ రేపు రాలేదు. చెల్లెలు ఫోన్లో, "ఈ వారం కూడా బరువేనా?" అనేది. వానాకాలం ముదిరి మబ్బు కొండని కప్పేసిన రోజుల్లో, విమానాలు ఆగిపోయి ఉన్నప్పుడు, నాలుగు రోజుల జ్వరంతో మేస్త్రీ పోయాడు. చెల్లెలు బస్సులో తొమ్మిది గంటలు ప్రయాణం చేసి, అంతా అయిపోయాక వచ్చింది. ఏడవలేదట. గుమ్మంలోనే నిలబడి, "ఆ సీటు ఎందుకు ఖాళీగా వచ్చింది?" అని ఒక్కటే అడిగింది. అక్క నోరు విప్పలేదు. ఒట్టు పెట్టించుకున్న మనిషి పక్కగదిలో పడుకుని ఉన్నట్టే అనిపించిందట ఆవిడకి.

ఆ తర్వాత పదేళ్ళ పైచిలుకు అక్కాచెల్లెళ్ళు రోజూ మాట్లాడుకున్నారు. బయల్దేరింది. చేరింది. అంతే. ఆ మాటలు మానేస్తే ఉద్యోగం ఉండదు, కాబట్టి మానలేదు.

"నాకదే చాలా ఉండేదండీ. చేరింది అన్న ఒక్క మాటలో దానికి జలుబు చేసిందో, నిద్రపట్టలేదో, ఎవరితోనన్నా దెబ్బలాడి వచ్చిందో తెలిసిపోయేది. ఒకసారి గొంతు మరీ బొంగురుగా ఉంటే మిరియాల పొట్లం పైలట్ చేతికిచ్చి, ఎవరిచ్చారో చెప్పకు బాబూ అన్నాను. తిరుగు విమానంలో పొట్లం వెనక్కొచ్చింది. సగం ఖాళీగా."

విమానాన్ని అమ్మేస్తున్నామని ఒక రోజు కబురొచ్చింది. ఆఖరి ప్రయాణం రోజు ఈవిడ బయల్దేరింది అంది. అటునించి చేరింది అని వచ్చింది. మామూలుగా అయితే ఆ మాట కాగానే టక్కున పెట్టేసేవాళ్ళు. ఆ రోజు ఇద్దరూ పెట్టలేదు. ఫోనులో గాలి హోరు ఒక్కటే వినపడుతోందట. ఎవరో ఒకరు ఏదో అనేవాళ్ళే. అంతలో ఎక్స్ఛేంజీవాళ్ళు లైను తీసేశారు. అప్పటినుంచీ ఆ ఒక్క మాట కూడా లేదు.

బస్సు అటువైపు కొండ దిగడం మొదలుపెట్టింది. చెవులు బరువెక్కాయి. దారి పొడవునా ఎవరో పోగొట్టుకున్నవాటిలా పసుపు పూల చెట్లు అక్కడొకటి ఇక్కడొకటి. నాకు అలాంటి దిగుడు రోడ్లంటే ఇష్టం. ఎక్కేటప్పుడు మనిషి ముందుకు చూస్తాడు, దిగేటప్పుడే పక్కకు చూడటానికి తీరిక దొరుకుతుంది. కాటా అక్క మాత్రం ముందు సీటు కడ్డీని వదలకుండా పట్టుకుని, మెడ నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

"ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు వెళ్తున్నారు?" అన్నాను.

"ఇల్లు అమ్మేసిందట. మోకాళ్ళ నొప్పులు, మేడ మెట్లెక్కలేకపోతోందట. మా పాత పైలట్ బజార్లో కనిపించి చెప్పాడు. వచ్చే వారం కొన్నవాళ్ళొచ్చి చేరతారు. ఆ గది నేను చూడలేదు, నాన్నా చూడలేదు. అది పోయాక ఇంక నేను చెప్పినా దేని గురించి చెప్పినట్టు?" తల నా వైపు తిప్పింది. "అన్నయ్యగారూ, ఇన్ని పుస్తకాలు మోస్తున్నారు కదా. పోయినవాళ్ళకిచ్చిన మాట ఎన్నాళ్ళు మొయ్యాలో దేంట్లోనైనా రాసుందా?"

నేను గొంతు సవరించుకున్నాను. పోయినవాళ్ళు తమ పరువు పట్టించుకోరు కాబట్టి చెప్పేయొచ్చని ఒక పక్షం ఉంది, పట్టించుకోలేరు కాబట్టే వాళ్ళ బదులు మనం పట్టించుకోవాలని ఇంకో పక్షం ఉంది, ఈ రెండూ కాక మాట ఇచ్చిన సందర్భాన్ని బట్టి అని మూడో పక్షం కూడా అంటూ మూడు మలుపుల పొడవునా చెప్పాను.

"అంటే తెలీదన్నమాట."

"తెలీదు."

"ఆ మాట మొదటే అంటే రెండు మలుపులు కలిసొచ్చేవి," అంది. తర్వాత మెల్లిగా, "నా భయం అది కాదండీ. ఒట్టు సంగతి నాన్నా నేనూ చూసుకుంటాం. ఒకసారి అబద్ధమాడినదాన్ని, ఇప్పుడు నిజం చెప్తే నమ్ముతుందా? నోరులేని మనిషి మీదకి నెట్టేస్తోందనుకుంటే? అప్పుడు నేను నాన్న పరువూ తీసినదాన్నవుతాను, చెల్లెలూ దక్కదు. రెండు వైపులా పోతుంది."

ఈసారి పక్షాలు తియ్యకుండా, మలుపులో ఆవిడ ఒళ్ళోంచి జారిపోతున్న సంచీని పట్టుకున్నాను.

సాయంత్రపు వెలుగు ఇంకా ఉండగానే ఊరు చేరాం. బస్సు నేరుగా వెళ్ళి ఆగింది పాత విమానాశ్రయంలోనే. అక్కడి విమానాశ్రయాన్ని బస్టాండు చేశారు. తారు చార మీద బస్సులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకప్పుడు విమానం దిగేవారి కోసం కట్టిన గదికి కిటికీలు కోసి టికెట్ల కౌంటర్లు పెట్టారు. విమానం పోయాక చెల్లెలిని పార్శిల్ కౌంటర్లో వేసుకున్నారట. కాటా అక్క దిగి, దుమ్ము దులుపుకుని, గదిని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. తన గదికి కవల అది. ఆ కుళాయిని కూడా ఎవరో తన్నుతున్నారు.

నా సంచీని టీ దుకాణం దగ్గర కండక్టరు బస్సు పైకి ఎక్కించాడు, దింపేదాకా నేను కదలడానికి లేదు. అందుకని అంతా కళ్ళారా చూశాను. కాటా అక్క తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. పార్శిళ్ళు పట్టుకుని నిలబడినవాళ్ళ వెనక, అందరిలాగే తనూ వరసలో నిలబడింది. ఒక్కొక్కళ్ళే జరుగుతుంటే తనూ జరిగింది. ఆ నడక చూస్తే కాటా ఎక్కబోయే మనిషి నడకలా ఉంది.

కిటికీ వెనక చెల్లెలు, నెరిసిన జుట్టు బిగించి కట్టుకుని, తల వంచి రాసుకుంటోంది.

"పార్శిలా? ఇలా పెట్టండి," అంది తలెత్తకుండానే.

"పార్శిల్ కాదు."

కలం ఆగింది. తల మాత్రం లేవలేదు. ఆ గొంతు వింటే చాలు ఆ మనిషికి, మొహం చూడక్కర్లేదు.

"ఎలా వచ్చావు?"

"బస్సులో."

"అది కనిపిస్తూనే ఉంది. దేనికొచ్చావు అంటున్నా."

"అమ్మా, కొంచెం పక్కకి జరిగి మాట్లాడుకోండి," అన్నాడు వెనక పెట్టె మోస్తున్న మనిషి.

"ఉండవయ్యా!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే, ఒకే గొంతుతో. ఆయన పెట్టె కింద పెట్టేశాడు.

"ఆ రోజు బరువు ఎక్కువ కాలేదే," అంది కాటా అక్క.

"తెలుసు. సీటు ఖాళీగా దిగింది. చూసిందాన్ని నేనే కదా."

"నాన్న ఎక్కనన్నాడు. భయపడ్డాడే చిట్టీ. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

చెల్లెలు అప్పుడు తలెత్తింది. మొహం మండిపోతోంది. "ఎవరు, నాన్నా? గొట్టం మీద కూర్చుని అన్నం తిన్న మనిషా? సిగ్గులేదూ నీకు? పోయినవాడి మీదకి నెడతావా?"

కాటా అక్క కిటికీ గట్టు పట్టుకుంది. దారిలో ఏ మాటకి భయపడిందో ఆ మాటే వచ్చింది. తిరిగి వచ్చేస్తుందేమోననుకున్నాను. కదల్లేదు.

"కాటా కడ్డీ వదల్లేదే. వేళ్ళు ఒక్కొక్కటీ నేనే విడదీశాను. అంతంత గొట్టాలెక్కావు కదా అంటే, వాటిని నేను ఎక్కాను, ఇది నన్ను ఎక్కించుకుంటుంది అన్నాడు."

చెల్లెలు ఏదో అనబోయి ఆగింది. ఆ మాటని లోపల ఒకసారి తండ్రి గొంతులో అనుకుని చూసుకున్నట్టుంది. పెదవి ఒక పక్కకి లాగింది, నవ్వుకో ఏడుపుకో తెలియలేదు.

"ఆ మాట నువ్వు కల్పించలేవు," అంది చివరికి. "అంత తెలివి నీకు లేదు."

"లేదు," అని ఒప్పేసుకుంది కాటా అక్క. "ఇంకోటి కూడా. ఆయన ఉండిపోయాడని నాకు లోపల సంతోషం వేసింది. అదీ చెప్పాలనే వచ్చాను."

"అదేం కొత్త సంగతి కాదు. నీ గొంతులోనే వినపడింది ఆ రోజు." చెల్లెలు కౌంటరు రేకు సగం దింపింది. వెనక పెట్టె మనిషి లబోదిబోమన్నాడు. "పక్క కిటికీకి వెళ్ళండి బాబూ, మా ఇంట్లో పనుంది," అని, మోకాలు పట్టుకుంటూ పక్క తలుపులోంచి బయటికొచ్చి, అక్క చేతిలోని సంచీ లాక్కుంది. "పద. మేడ మెట్లు నేనెక్కలేను. నువ్వెళ్ళి చూసిరా. చీకటి పడితే కిటికీల్లోంచి ఏమీ కనపడదు."

నా సంచీ అప్పుడే కిందికి దిగింది. దాన్ని భుజానికి తగిలించుకుని, కాటా అక్క ఇటు తిరిగితే వీడ్కోలు చెబుదామని కాసేపు నిలబడ్డాను. పొద్దుటినుంచీ పక్కన కూర్చున్న మనిషి ఒకడు ఉన్నాడన్న సంగతే ఆవిడకి గుర్తున్నట్టు లేదు. ఇద్దరూ గేటు దాటారు. అక్కడ చెల్లెలు ఏదో అంది. కాటా అక్క నడిరోడ్డు మీద ఆగిపోయి, నడుం మీద చెయ్యి పెట్టుకుని గట్టిగా వాదించడం మొదలుపెట్టింది. సైకిలాయన ఒకడు వాళ్ళని తప్పించుకుని వెళ్ళాడు. వాళ్ళు అలాగే వాదించుకుంటూ, ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ, సందు మలుపు తిరిగిపోయారు.